బాగ్‌బేరా పట్టణమా, గ్రామమా? తొలి ఇంటి రాయితీకి ఇదే కీలకం

ఝార్ఖండ్‌లోని టాటానగర్ రైల్వే స్టేషన్‌కు చేరువలో ఉన్న బాగ్‌బేరాను 2011 జనగణన పట్టణంగా లెక్కించింది. పాలన మాత్రం పంచాయతీలదే. తొలిసారి ఇల్లు కొనేవారికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

2024 సెప్టెంబరు 1 నుంచి అమలవుతున్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, వార్షికాదాయం రూ.9 లక్షలు మించని కుటుంబాలకు గృహరుణంపై వడ్డీ రాయితీ లభిస్తుంది. ఇంటి విలువ రూ.35 లక్షలు, రుణం రూ.25 లక్షలు దాటరాదు. రుణంలో తొలి రూ.8 లక్షలపై 4 శాతం చొప్పున రాయితీని లెక్కిస్తారు. గరిష్ఠంగా రూ.1.80 లక్షలను ఐదు వార్షిక విడతల్లో రుణఖాతాకు జమ చేస్తారు. దీనివల్ల అప్పు భారం తగ్గుతుందే తప్ప, కొనుగోలు సమయంలో చేతి నుంచి పెట్టాల్సిన సొమ్ము సమకూరదు. చాలా కుటుంబాలకు అసలు ఇబ్బంది అక్కడే.

ఈ పథకం చట్టబద్ధ పట్టణాలకు, నోటిఫై చేసిన ప్రణాళికా ప్రాంతాలకు వర్తిస్తుంది. జనగణన పట్టణమైనంత మాత్రాన అర్హత రాదు. కొనదలచిన ఇల్లు ఏ పరిధిలో ఉందో రుణ దరఖాస్తుకు ముందే తేల్చుకోవడం అవసరం. గ్రామీణ ప్రాంతాలకు ఉద్దేశించిన రాష్ట్ర ప్రభుత్వ అబువా ఆవాస్ యోజన మూడు గదుల ఇంటికి రూ.2 లక్షలు ఇస్తుంది. అయితే అది ఇల్లు కట్టుకునే పేదలకే, కొనేవారికి కాదు.