సుగంధాల నోటుబుక్కు

"ఏమోయ్, ఇవాళ పప్పుచారులో పోపు వెయ్యలేదా?" అని అడిగారు మావారు.

అప్పుడే వేసిన పోపు ఇంకా చిటపటలాడుతూనే ఉంది. ఇంగువ వాసన వీధి గుమ్మం దాకా కొడుతున్నది. ఆ మాట విని నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అది 2021 మే నెల. కరోనా జ్వరం తగ్గి ఆయన మంచం దిగి అయిదు రోజులయింది. జ్వరం పోతూ పోతూ ముక్కుకున్న శక్తిని కూడా పట్టుకుపోయిందని ఆ పూటే తెలిసింది మాకు.

విధి వేళాకోళం కాకపోతే మరేమిటి చెప్పండి! అప్పటికి మూడేళ్ళ నుంచి నేను వాసనలను గురించి చదువుతున్నాను, తెలిసీ తెలియక నాలుగు ముక్కలు రాస్తున్నాను కూడాను. మా వీధివాళ్ళు నాకు "పరిమళాల పంతులమ్మ" అని పేరు పెట్టారు. అటువంటిదాని ఇంట్లో కాఫీకీ వేణ్ణీళ్ళకీ తేడా తెలియని మనిషి!

ఈ పిచ్చి నాకెలా పట్టిందో ముందు చెబుతాను. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పి 2017లో రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడు మా అమ్మాయి బెంగుళూరు నుంచి వస్తూ 10 మిల్లీలీటర్ల లావెండరు నూనె సీసా ఒకటి తెచ్చింది. "రాత్రి తలగడ మీద ఒక్క చుక్క వేసుకో అమ్మా, హాయిగా నిద్ర పడుతుంది. దీన్ని అరోమాథెరపీ అంటారు" అంది. సీసా మీద ధర చూసేసరికి నాకు ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోయింది.

ఇంతకీ ఇందులో ఏముందని ఇంత ధర? పుస్తకాలు తిరగేశాను. లావెండరు నూనెలో ముఖ్యమైన పదార్థాలు రెండు: లినలూల్, లినలైల్ అసిటేట్. అందులో మొదటిది మన ధనియాల నుంచి తీసే నూనెలో సగానికి పైగా ఉంటుందట! వంటింట్లోకి పరుగెత్తి గుప్పెడు ధనియాలు నలిపాను. ఒకసారి అరచెయ్యి, ఒకసారి సీసా, మార్చి మార్చి వాసన చూశాను. ఒకే తల్లి పిల్లలు వేరువేరు ఊళ్ళలో పెరిగినట్టు, ఎక్కడో పోలిక అందుతున్నది. ఆ రాత్రే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడోది నడుస్తున్నది.

సుగంధాల సంగతి మనకేమీ కొత్త కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే రాశాడు. కొండవీటి కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది సుగంధద్రవ్యాల వర్తకుడైన అవచి తిప్పయసెట్టికి. అయితే "అరోమాథెరపీ" అన్న పేరు మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1937లో రెనే మారిస్ గాట్‌ఫోసే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ పేరుతో పుస్తకం అచ్చువేశాడు.

ఈయనను గురించి ఒక ముచ్చటయిన కథ ఉంది. ప్రయోగశాలలో చెయ్యి కాలిందట, పక్కనే ఉన్న లావెండరు నూనె తొట్టెలో గభాలున ముంచాడట, మంట మాయమయిందట! నేనూ మొదటి నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను. తరువాత ఆయన స్వయంగా రాసిన వృత్తాంతం చదివితే సంగతి వేరుగా ఉంది. 1910లో ప్రయోగశాలలో పేలుడు జరిగింది. ఒళ్ళంటుకుంటే గడ్డి మీద దొర్లి ఆర్పుకున్నాడు. ఆ తరువాత రెండు చేతుల పుళ్ళూ కుళ్ళి, గ్యాస్ గాంగ్రీన్ పట్టింది. అప్పుడు లావెండరు నూనెతో కడిగితే కుళ్ళు ఆగిందని ఆయన రాశాడు. అంటే తొట్టె లేదు, గభాలున ముంచడమూ లేదు. ఎర్ర సిరా కథ మీద నల్ల సిరాతో గీత కొట్టాను. ఈ విద్యలో నేను నేర్చిన మొదటి పాఠం అదే: చెప్పుకునేది ఒకటి, జరిగింది ఒకటి.

చదువు ఒక్కటే చాలదని చేతులు కూడా కాల్చుకున్నాను. మా పాత స్కూలు నుంచి గాజు కుప్పె, చల్లార్చే గొట్టం అరువు తెచ్చి పెరట్లోని నిమ్మగడ్డి అరకిలో బట్టీ పట్టాను. సూత్రం సులువే. ఆవిరి ఆకులోంచి పోతూ నూనెను వెంట తీసుకుపోతుంది, చల్లారితే నీరు అడుగున, నూనె పైన తేలుతుంది. మూడు గంటలు కాపలా కాస్తే అర చెంచాడు కూడా రాలేదు. మావారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇదేనా! దీనికంటె గడ్డి ఆవుకి వేస్తే పాలైనా ఇచ్చేది" అన్నారు. ఒక కిలో గులాబీ నూనెకి మూడు నాలుగు వేల కిలోల రేకులు కావాలని చదివినప్పుడు నమ్మలేదు గాని, ఆ అర చెంచాడు చూశాక ఆ ధరల మీద కోపం పోయింది. చవకగా దొరికే గులాబీ నూనె మీద అనుమానం మాత్రం వచ్చింది.

2019 చలికాలంలో కాశీయాత్ర తిరుగు దారిలో కన్నౌజు చూశాం. అక్కడ ఇప్పటికీ రాగి డేగిశాలలో పూలు పోసి, మూత చుట్టూ బంకమన్ను మెత్తి, కింద పిడకలు, కట్టెలు మండిస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి నీటి తొట్టెలోని పాత్రకు చేరుతుంది. అందులో చందన తైలం ఉంటుంది. పూల సువాసనను అది పట్టి ఉంచుతుంది. కాల్చిన మట్టిని కూడా అలాగే బట్టీ పట్టి తొలకరి వాసన తీస్తారంటే నమ్ముతారా? ఆ అత్తరు మూత తీస్తే చాలు, మా ఊళ్ళో జ్యేష్ఠమాసపు మొదటి వాన కురిసింది.

ఇక చెప్పక తప్పని మాట ఒకటుంది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ 2019 వానాకాలంలోనే ఒక చిన్న పత్రికలో జలుబును గురించి రాశాను. "రెండు చుక్కల నీలగిరి తైలం రుమాలు మీద వేసి పీల్చండి, ముక్కు తేలికవుతుంది" అన్నాను. పెద్దవాళ్ళ సంగతే నా మనస్సులో ఉంది. ఆ మాట కాగితం మీద పెట్టలేదు. పది రోజులకి మా వెనక వీధి అమ్మాయి ఎనిమిది నెలల పిల్లవాడిని చంకన వేసుకుని వచ్చింది. "పిన్నిగారూ, మీరు రాసిందే చేశానండీ. బాబు ముక్కు దగ్గర రాశాను. ఊపిరి ఆడక గిలగిల్లాడిపోయాడు. ఆసుపత్రికి పరుగెత్తాం" అంది. కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పిల్లవాడు నన్ను చూసి బోసినవ్వు నవ్వాడు.

పసిపిల్లల ముక్కు దగ్గర నీలగిరి తైలంగాని, కర్పూరంగాని, మెంథాల్‌గాని రాయకూడదు. పొరపాటున కడుపులోకి పోతే కొద్దిపాటి నీలగిరి తైలమైనా, కర్పూరమైనా ఫిట్సు తెప్పించవచ్చు. పిల్లవాడు మింగితే ఇంటి వైద్యం పెట్టుకోక తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ సంగతులు పుస్తకాలలో ఉన్నవే. నేను ఆ పుటలు దాటేసి చదివాను. సంపాదకులు సవరణ వేస్తామని, అట్టడుగున నాలుగు పంక్తుల చోటు ఇస్తామన్నారు. "తప్పు ఎంత చోటులో వేశానో దిద్దుబాటుకి అంత చోటు కావాలి" అని పట్టుబట్టాను. ఇచ్చారు. ఆనాటి నుంచి ఏది రాసినా "ఇది ఎవరికి కూడదు" అన్నదే మొదటి పంక్తి. నూనె నేరుగా ఒంటికి రాయకూడదు. పెద్దవాళ్ళకైనా 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకో నువ్వులనూనెకో 12 చుక్కలు మించవద్దు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగనిదే ముట్టుకోవద్దు.

సరే, మావారి ముక్కు సంగతికి వద్దాం. 2009లో జర్మనీలో డ్రెస్డెన్ వైద్యుడు థామస్ హుమ్మెల్, ఆయన సహచరులు ఒక అభ్యాసం ప్రకటించారు. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం: ఈ నాలుగు వాసనలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, 12 వారాలు శ్రద్ధగా చూడటం. మందు కాదు, సంగీతం సాధన చేసినట్టు ముక్కుకి సాధన. డాక్టరుగారిని అడిగితే, "చెయ్యండి, నష్టమేమీ లేదు" అన్నారు. నాలుగు సీసాలలో దూది పెట్టి నాలుగు రకాల నూనెలు వేశాను. కాఫీకి ముందు, సాయంత్రం దీపం పెట్టాక, ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవారు. "ఏం తెలిసింది?" "ఏమీ లేదు." నోటుబుక్కులో ఆ "ఏమీ లేదు" వరసగా నలభై మూడు రోజులు రాశాను. నలభై నాలుగో రోజున లవంగం సీసా దగ్గర, "ఏదో... మా నాయనమ్మ పంటినొప్పి" అన్నారు. లవంగం అనలేదు, నాయనమ్మ అన్నారు! వాసన తెచ్చే నాడులు మెదడులో జ్ఞాపకాలకూ భావాలకూ సంబంధించిన చోట్లకు చాలా దగ్గర దారిన పోతాయని చదివాను గాని, అది కళ్ళారా చూసింది ఆనాడే.

సెప్టెంబరులో ఒక పొద్దున పత్రిక చదువుతూ తల ఎత్తకుండానే, "ఏమోయ్, పోపు మాడుతోంది!" అని కేకేశారు. నిజంగానే మాడింది. ఆ మాడిన పోపంత కమ్మని వాసన నా జన్మలో ఎరగను.

అయితే నోటుబుక్కులో ఏమని రాశానో తెలుసా? "సాధన వల్ల వచ్చిందో, కాలం వల్ల వచ్చిందో చెప్పలేను. చాలామందికి దానంతటదే తిరిగి వస్తుంది." అలా రాయడానికి చెయ్యి ఒక క్షణం ఆగిన మాట నిజమే. ఎర్ర సిరా కలం పక్కనే ఉంది మరి. కాని వెనక వీధి బాబు బోసినవ్వు జ్ఞాపకం వచ్చింది, నల్ల సిరాతోనే రాశాను.

ఆ బాబు ఇప్పుడు బడికి పోతున్నాడు. దారిలో మా గుమ్మం ముందు ఆగి, "మామ్మగారూ, ఇవాళ ఏం వాసన?" అని అడుగుతాడు. మరువమో, దవనమో, వట్టివేరో చేతికిస్తాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నవ్వి, పరుగెత్తుతాడు. ఆ మాట కూడా తేదీ వేసి ఏడో నోటుబుక్కులో రాసుకుంటున్నాను.