లెక్కకెక్కని పరుగులు

నూరు మీటర్ల హర్డిల్సు చూచువారికి పదమూడు సెకండ్ల పందెము. ఆ కొద్ది కాలములోనే స్త్రీలు సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తుగల పది అడ్డులను దాటవలెను. అడ్డుకు అడ్డుకు నడుమ దూరము ఎనిమిదిన్నర మీటర్లు; అందు పడవలసినవి మూడే అడుగులు. ఒక్క అడుగు తప్పెనా, దాని ఫలము తుదివరకు వెన్నాడును. ఈ పందెములో ఆసియాకు రెండుమారులు విజేతయైన తెలుగు యువతి యర్రాజి జ్యోతి.

ఆమె 1999 ఆగస్టు 28న విశాఖపట్టణములో జన్మించినది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి ఇండ్లలోను, ఆసుపత్రిలోను పనిచేసి సంసారమును ఈదినది. పోర్టు హైస్కూలులో వ్యాయామ బోధకుల దృష్టి ఆమె పొడవుపై పడినది. ఈ పిల్ల హర్డిల్సుకు తగునని వారు తలచిరి. పిదప ఆమె హైదరాబాదులో ఎన్. రమేశ్ వద్దను, భువనేశ్వరములో బ్రిటిష్ శిక్షకుడు జేమ్స్ హిలియర్ వద్దను శిక్షణ పొందినది.

2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకండ్లు. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయ పోటీలలో జ్యోతి 13.03లో గమ్యము చేరినది. కాని అచ్చట ఆమెకు మాదకద్రవ్య పరీక్ష జరుగలేదు. అథ్లెటిక్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధియు లేడు. రికార్డు దక్కలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడులో 13.09. ఈసారి వెనుకగాలి సెకండుకు 2.1 మీటర్లు, నియమము ఒప్పునది 2.0 మాత్రమే. మరల చేజారినది.

నియమమును నిందించుట సులభము. కాని గాలిని కొలువనిచో ఒక ఊరి పరుగును వేరొక ఊరి పరుగుతో పోల్చుటెట్లు? జ్యోతి మరల పరుగెత్తినది. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్ నగరములో 13.23. పోయిన రెండు పరుగులకంటె ఇది మందమే. అయినను రికార్డుగా నిలిచినది ఇదే. ఆ అక్టోబరులో బెంగుళూరులో 12.82తో, పదమూడు సెకండ్ల గడి దాటిన తొలి భారతీయురాలైనది.

2023 జూలైలో బాంకాకులో జపాను క్రీడాకారిణులు తెరదా అసుకా, అవోకి మసుమిలను వెనుకకు నెట్టి ఆసియా స్వర్ణము గెలిచినది. ఆ అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మరియొక పరీక్ష ఎదురైనది. చైనాకు చెందిన వూ యాన్నీ తుపాకి మ్రోతకు ముందే కదలగా, నిర్ణేతలు తొలుత జ్యోతిపైనను తప్పు మోపిరి. ఆమె మైదానము వీడక, తన తప్పు లేదని వాదించి, పరుగెత్తుటకు అనుమతి పొందినది. పిదప వూ అనర్హురాలు కాగా, 12.91లో పరుగెత్తిన జ్యోతికి రజతము లభించినది.

2024 పారిస్ ఒలింపిక్సులో ఈ పందెమున పాల్గొన్న తొలి భారత వనిత ఆమెయే. సెమీఫైనలు మాత్రము అందలేదు. 2025 మేలో గుమి నగరమున జపాను యువతి తనాకా యుమిని మించి, 12.96తో ఆసియా స్వర్ణమును నిలుపుకొన్నది. అంతలో జూలైలో మోకాలికి గాయమై శస్త్రచికిత్స అవసరమగుటచే, సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు దూరమైనది.

బుచ్చిరెడ్డిపాలెము వంటి ఊళ్ల పాఠశాలలలోను పొడవైన కాళ్లుగల బాలికలు కలరు. వారిని గుర్తించుట ఉపాధ్యాయుని పని. పరుగు లెక్కకు రాని నాడు మరల గీతవద్ద నిలుచుట విద్యార్థిని పని.