విలన్లే కథానాయకులు: 'సూసైడ్ స్క్వాడ్' విశేషాలు

సూసైడ్ స్క్వాడ్ అనగానే ఈ తరం వాళ్లకు రంగుల జడల హార్లీ క్విన్ గుర్తొస్తుంది. కానీ ఈ జట్టుకు పేరు తెచ్చిన అసలు కామిక్స్‌లో ఆమె ఎక్కడా లేదు. 1987లో మొదలైన ఆ కామిక్ వరుసగా 66 సంచికలు నడిచి 1992లో ఆగింది. హార్లీ పుట్టింది అదే ఏడాది సెప్టెంబరులో, అదీ బ్యాట్‌మన్ టీవీ కార్టూన్‌లో. స్క్వాడ్‌లో ఆమె చేరింది 2011లో.

జట్టు పేరు మాత్రం ఇంకా పాతది. 1959లో 'ది బ్రేవ్ అండ్ ది బోల్డ్' 25వ సంచికలో రాబర్ట్ కానిగర్ రాయగా రాస్ ఆండ్రూ బొమ్మలు వేసిన సాహసాల జట్టుకు పెట్టిన పేరిది. అందులో ఒక్క విలన్ కూడా లేడు. రిక్ ఫ్లాగ్ అనే సైనికాధికారి, అతని వెంట ముగ్గురు సహచరులు, అంతే.

ఆ పేరు తీసుకుని దాని నిండా విలన్లను నింపినవాడు జాన్ ఆస్ట్రాండర్. షికాగో నాటకరంగంలో నటుడిగా, నాటక రచయితగా పనిచేసి కామిక్స్‌లోకి వచ్చిన మనిషి. 1986 నాటి 'లెజెండ్స్' కథలో ఈ కొత్త జట్టు మొదటిసారి కనిపించింది. లూసియానాలోని బెల్ రీవ్ జైల్లో మగ్గుతున్న నేరస్థులతో ప్రభుత్వం బేరం పెడుతుంది. ప్రాణాలకు తెగించి ఒక రహస్య పని చేసిపెడితే శిక్ష మాఫీ. పారిపోవాలని చూస్తే చేతికి తొడిగిన కడియం పేలుతుంది. సర్కారు కాగితాల్లో జట్టు పేరు టాస్క్ ఫోర్స్ ఎక్స్.

ఆ కడియం నిజంగా పేలుతుందా? ఈ అనుమానం జట్టులోని కెప్టెన్ బూమరాంగ్‌కు వచ్చింది. తన చెయ్యి పణంగా పెట్టే రకం కాదు గనక, పక్కనున్న సహచరుడు స్లిప్‌నాట్‌ను ఎగదోశాడు. స్లిప్‌నాట్ నమ్మి పరుగు తీశాడు, చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇది 9వ సంచిక సంగతి. 2016లో వచ్చిన 'సూసైడ్ స్క్వాడ్' సినిమాలోనూ బూమరాంగ్ ఇదే ఎత్తు వేస్తాడు, కాకపోతే అక్కడ స్లిప్‌నాట్ ప్రాణమే పోతుంది.

ఈ కథలకు అసలు బలం ఎక్కడుందంటే, ఆస్ట్రాండర్ ఎంచుకున్నవాళ్లలో చాలామంది ఎవరికీ అక్కర్లేని విలన్లు. డెడ్‌షాట్ 1950లో బ్యాట్‌మన్ కథలో ఒకసారి కనిపించాడు, మళ్లీ 1977 దాకా అతన్ని తలచుకున్నవాళ్లు లేరు. బ్యాట్‌మన్ చావడని చదివేవాళ్లందరికీ తెలుసు. డెడ్‌షాట్‌కు అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. అందుకే ప్రతి సంచికలోనూ ఎవరు తిరిగొస్తారో, ఎవరు రారో అన్న భయం నిజమైన భయం. మార్కెట్‌కు అక్కర్లేని పాత్రలకు ఇంత శ్రద్ధగా ప్రాణం పోసిన మరో రచన ఆనాటి సూపర్‌హీరో కామిక్స్‌లో నాకు కనబడదు.

22వ సంచిక చూడండి. స్క్వాడ్ రహస్యం బయటపెడతానని బెదిరిస్తున్న సెనేటర్ క్రేను చంపడానికి, కొత్త జట్టులోనూ ఉన్న రిక్ ఫ్లాగ్ బయల్దేరతాడు. అతను ఆ పని చెయ్యకుండా ఎలాగైనా ఆపమని మిగతావాళ్లకు ఆజ్ఞ. ముందుగా అక్కడికి చేరినవాడు డెడ్‌షాట్. ఫ్లాగ్ మీద చెయ్యి వెయ్యడు. సెనేటర్‌ను తనే కాల్చేస్తాడు. ఇచ్చిన ఆజ్ఞ అక్షరాలా నెరవేరింది: సెనేటర్‌ను చంపినవాడు ఫ్లాగ్ కాదు! డెడ్‌షాట్ స్వభావం మొత్తం ఈ ఒక్క పనిలో ఉంది.

ఈ నేరస్థులందరినీ గుప్పిట్లో పెట్టుకున్న అమాండా వాలర్‌కు ఏ అతీత శక్తీ లేదు, ముసుగు లేదు, రెక్కలు లేవు. షికాగోలోని కబ్రీనీ గ్రీన్ పేదల ఇళ్లలో బతుకు ఈడ్చి, భర్తనూ ఇద్దరు పిల్లలనూ హింసకు పోగొట్టుకున్న నల్లజాతి స్త్రీ. మధ్యవయసు, భారీ కాయం. 10వ సంచికలో బ్యాట్‌మన్ మారువేషంలో బెల్ రీవ్‌లోకి చొరబడి ఆమె గుట్టు పట్టుకుంటాడు. ఆమె జంకదు. తన జోలికి వస్తే ముసుగు వెనకున్న మనిషెవరో తేలుస్తానంటుంది. వెనక్కి తగ్గినవాడు బ్యాట్‌మనే.

ఈ కామిక్ చేసిన గొప్ప మేలు ఒకటుంది. 1988లో వచ్చిన 'ది కిల్లింగ్ జోక్' కథలో జోకర్ తుపాకి గుండుకు బ్యాట్‌గర్ల్ అయిన బార్బరా గోర్డన్ కాళ్లు చచ్చుబడ్డాయి. బ్యాట్‌గర్ల్ పని అక్కడితో సరి అనుకున్నారు. ఆస్ట్రాండరూ, ఆయన భార్య, సహ రచయిత్రి అయిన కిమ్ యేలూ ఆ అన్యాయాన్ని ఒప్పుకోలేదు. 23వ సంచికలో కంప్యూటర్ తెర మీద ఒరాకిల్ అనే అజ్ఞాత సహాయకురాలిని ప్రవేశపెట్టారు. ఆ ఒరాకిల్ బార్బరాయే అని తర్వాత తేలింది. చక్రాల కుర్చీలో కూర్చుని, తెలివితో హీరోలందరికీ దారి చూపే ఒరాకిల్ ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా నిలిచింది. యేల్ 1997లో కాన్సర్‌తో చనిపోయారు. ఒరాకిల్ పేరు వచ్చినప్పుడల్లా ఆమె పేరు కూడా తలచుకోవడం న్యాయం.

రచయితనే కథలోకి లాగి చంపిన సందర్భమూ ఉంది. రచయిత గ్రాంట్ మోరిసన్ 'యానిమల్ మ్యాన్' కామిక్‌లో తనను తానే పాత్రగా పెట్టుకున్నారు. అలా కథలో చేరిన రచయితను ఆస్ట్రాండర్ 58వ సంచికలో స్క్వాడ్‌లోకి తెచ్చి, యుద్ధంలో బలి చేశారు.

2021లో ఈ జట్టు మీద జేమ్స్ గన్ తీసిన సినిమాలో ఫ్లాగ్ చనిపోయే చోటు పేరు యోటున్‌హైమ్. కామిక్‌లో 26వ సంచికలో ఫ్లాగ్ అంతమైన కోట పేరూ అదే. ఆ సినిమాలో నేరస్థుల తలల్లోకి బాంబులు ఎక్కించే డాక్టర్‌గా కాసేపు కనిపించే పెద్దమనిషి స్వయంగా జాన్ ఆస్ట్రాండరే.

ఈ కథలన్నీ ఎనిమిది సంపుటాలుగా పుస్తకరూపంలో వచ్చాయి. మొదటిది 'ట్రయల్ బై ఫైర్'. అందులో ఒక రష్యన్ రచయిత్రిని చెర నుంచి తప్పించడానికి స్క్వాడ్ సోవియట్ యూనియన్‌లోకి చొరబడుతుంది. తీరా వెళ్తే ఆమెకు విడుదలే ఇష్టం లేదు. సినిమాలు మాత్రమే చూసినవాళ్లు ఆ సంపుటంతో మొదలుపెట్టండి.