జీతమా.. బిల్లా? తొందరపడితే నష్టమే!

* కాంట్రాక్టు పనికి దిగే ముందు లెక్క చూసుకోవాలి
* పక్క రాష్ట్రానికి సరుకు పంపితే జీఎస్టీ మెలిక

గౌరిబిదనూరు: తెల్లారకముందే టిఫిను క్యారియరు, పానాల సంచి పట్టుకుని గౌరిబిదనూరు రైల్వేస్టేషను చేరేవాళ్లు తక్కువేం కాదు. కొందరిది దొడ్డబళ్లాపురం, యలహంక దారి. ఇంకొందరిది హిందూపురం దారి. ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, మిషను మెకానిక్కులు, కంప్యూటరు పని చేసే కుర్రాళ్లు.. ఇంట్లో తెలుగు, పనిలో కన్నడ.

ఇలాంటివాళ్లకు ఏదో ఒకరోజు ఓ మాట వినపడుతుంది. ‘వచ్చే నెల నుంచి జీతం కాదు, బిల్లు పెట్టు. రెండువేలు ఎక్కువిస్తాం’ అని. వినడానికి బాగానే ఉంటుంది. దాంతో ఏం వస్తుంది, ఏం పోతుంది, పన్ను ఎవరు కట్టాలి అన్నది మాత్రం విడమరిచి చెప్పేవాళ్లుండరు.

రెండువేలు లాభమేనా?

ఉదాహరణకు నెలకు రూ.20 వేల జీతంతో ఫ్యాక్టరీలో పనిచేసే ఎలక్ట్రీషియన్‌నే తీసుకుందాం. పీఎఫ్‌కు జీతంలో రూ.15 వేలు లెక్కలోకి తీసుకుంటే, అతని వాటాకు తోడు యాజమాన్యం 12 శాతం, అంటే రూ.1,800 కట్టాలి. ఈఎస్ఐ కింద 3.25 శాతం, అంటే మరో రూ.650. రెండూ కలిపి నెలకు రూ.2,450. ఇదంతా జీతానికి పైన యాజమాన్యం పెట్టేదే. బోనసు, గ్రాట్యుటీ, సెలవు జీతం వేరే. ఇంట్లోవాళ్లకు జబ్బు చేస్తే ఈఎస్ఐ వైద్యం ఉంటుంది.

అదే మనిషి రూ.22 వేల బిల్లుకు ఒప్పుకున్నాడనుకుందాం. చేతికి రూ.2 వేలు ఎక్కువొచ్చినట్టు కనిపిస్తుంది. వెనకాల రూ.2,450 పోయింది. నిచ్చెన మీద నుంచి పడి కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చూ తనదే, మంచాన పడ్డ రోజుల కూలీ నష్టమూ తనదే.

అలాగని బిల్లు పద్ధతి చెడ్డదని కాదు. సొంత పనిముట్లు పెట్టుకుని, నాలుగుచోట్ల పని ఒప్పుకుని, రేటు తానే చెప్పగలిగినవాడికి అదే మేలు. అయితే ఆ రేటులో పీఎఫ్, వైద్యం, పని దొరకని రోజుల ఖర్చు కలుపుకుని అడగాలి.

ఒక శాతమా.. పది శాతమా?

బిల్లు పెట్టగానే ఎదురయ్యేది టీడీఎస్. కాంట్రాక్టు పని కింద చూపితే వ్యక్తులకు పట్టేది 1 శాతం. ఒక బిల్లు రూ.30 వేలు దాటినా, ఏడాది మొత్తం రూ.లక్ష దాటినా పడుతుంది. వృత్తి సేవల ఫీజు కింద చూపితే పట్టేది 10 శాతం. దీనికి ఏడాది పరిమితి 2025 ఏప్రిల్ నుంచి రూ.50 వేలు. పాన్ ఇవ్వకపోతే ఏకంగా 20 శాతం కోస్తారు.

పైన చెప్పిన ఎలక్ట్రీషియన్ ఏడాది బిల్లులు రూ.2.64 లక్షలు. 1 శాతమైతే కోత రూ.2,640. 10 శాతమైతే రూ.26,400. అంటే నెల జీతం కంటే ఎక్కువే. కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్నే లేదు కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే ఈ డబ్బంతా తిరిగి రావాల్సిందే. కానీ రిటర్ను వేస్తేనే వస్తుంది. ‘మనకెందుకులే’ అని ఊరుకుంటే సొంత డబ్బు వదులుకున్నట్టే. అందుకే ఏ పద్దు కింద కోస్తున్నారో మొదటి బిల్లు రోజే అడగాలి.

పుస్తకాల బెడద లేని దారి

చిన్న వ్యాపారులు, చేతిపనివాళ్లు ఖర్చుల చిట్టాలన్నీ దాచి చూపించలేరు. వాళ్ల కోసం అంచనా ఆదాయ పద్ధతి ఉంది. 1961 చట్టంలో 44ఏడీ అంటే ఇదే. టర్నోవరు రూ.2 కోట్ల లోపుంటే, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో కనీసం 6 శాతం, నగదులో కనీసం 8 శాతం ఆదాయంగా చూపవచ్చు. అసలు మిగులు అంతకంటే ఎక్కువుంటే ఆ ఎక్కువే చూపాలి. కమీషన్ ఏజెంట్లకు, బ్రోకర్లకు ఈ దారి లేదు.

ఇంజినీర్లు, డాక్టర్లు, లాయర్లు, ఐటీ నిపుణుల వంటివారికి వేరే దారి. అదే 44ఏడీఏ. 2016-17 నుంచి అమల్లో ఉంది. రాబడి రూ.50 లక్షల లోపు, నగదు 5 శాతం మించకపోతే రూ.75 లక్షల లోపుంటే, అందులో కనీసం సగం ఆదాయంగా చూపాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. కాబట్టి నంబరు కంటే పద్ధతిని గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇంటి నుంచే విదేశీ కంపెనీకి పని చేసే ఐటీ కుర్రాడికి ఏడాదికి రూ.24 లక్షలు వస్తాయనుకుందాం. సగం రూ.12 లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో రూ.12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి ఆదాయపు పన్ను సున్నా. కానీ సేవలు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పదు. విదేశాలకు చేసిన పనీ ఆ లెక్కలోకి వస్తుంది. ఎగుమతి కాబట్టి పద్ధతి ప్రకారం పత్రాలిస్తే పన్ను పడదు. రిజిస్ట్రేషను మాత్రం ఉండాల్సిందే.

గీత దాటితే..

గౌరిబిదనూరువాళ్లకు హిందూపురం, బాగేపల్లివాళ్లకు గోరంట్ల, కదిరి బయటి ఊళ్లు కాదు. చుట్టరికాలూ అక్కడే, బేరాలూ అక్కడే. జీఎస్టీకి మాత్రం అది వేరే రాష్ట్రం. హిందూపురం వెళ్లి వైరింగ్ పని చేసి కూలీ తీసుకుంటే అది సేవ. ఏడాదికి రూ.20 లక్షల లోపైతే రిజిస్ట్రేషను అక్కర్లేదు. అదే గౌరిబిదనూరులో ఇనుప గేట్లు చేసి, బిల్లు రాసి హిందూపురం పంపితే అది సరుకు. సొంత రాష్ట్రంలో సరుకుకు ఉన్న రూ.40 లక్షల మినహాయింపు దీనికి వర్తించదు. మొదటి గేటుకే రిజిస్ట్రేషను కావాలి. దీనికి ప్రభుత్వ ఫీజేమీ లేదు.

నోటీసులు నేర్పిన పాఠం

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. బేకరీలు, టీకొట్లు, కూరగాయల అంగళ్లవాళ్లు హడలిపోయారు. బెంగళూరులో చాలా అంగళ్ల ముందు ‘నగదు మాత్రమే’ బోర్డులు వెలిశాయి. జులై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో సమావేశమయ్యాక గొడవ చల్లబడింది.

ఖాతాలో పడిన ప్రతి రూపాయీ ఆదాయం కాదు. చిట్టీ డబ్బు, బావమరిది తిరిగిచ్చిన అప్పు, సరుకు అమ్మిన డబ్బు అన్నీ ఒకే ఫోను నంబరుకు వస్తే, ఏది ఏదో తేల్చి చెప్పాల్సింది ఖాతాదారే. పనికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా ఉంటే ఆ తిప్పలుండవు.

పేరు కాదు.. పని చూస్తారు

కాంట్రాక్టరని కాగితం మీద రాసినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోడు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. అక్కడి దర్జీలకు కుట్టిన బట్టకింత అని కూలీ. అయినా అంగడికి వచ్చి, అంగడి మిషన్ల మీదే కుట్టేవారు. పని బాగాలేకపోతే యజమాని తిప్పికొట్టేవాడు. అందుకే వాళ్లు ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. పనివేళలు, పనిముట్లు, పెత్తనం అన్నీ కంపెనీవే అయితే, బిల్లు పెట్టమన్నా పీఎఫ్, ఈఎస్ఐ అడిగే హక్కు నిలబడుతుంది.

సంతకం పెట్టే ముందు..

* బిల్లు రేటులో పీఎఫ్, ఈఎస్ఐ, బోనసు విలువ కలిపారో లేదో చూడాలి.
* పని ఒప్పందం, రేటు, గడువు కాగితం మీద ఉండాలి.
* టీడీఎస్ ఎంత కోశారో పాన్ ఖాతాలో చూసుకోవాలి. సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి.
* అంచనా పద్ధతిలో ఉన్నవాళ్లు, టీడీఎస్ పోను పన్ను రూ.10 వేలు, ఆపైన పడేటట్లుంటే మార్చి 15లోగా ముందస్తు పన్ను కట్టాలి.
* వృత్తి పన్ను మరిచిపోవద్దు. రాజ్యాంగం ప్రకారం అది ఏడాదికి రూ.2,500 మించదు.

గాజుల మలారంతో ఊరూరా తిరిగిన కైవారం తాతయ్య కాలంలో పాన్ కార్డు లేదు, జీఎస్టీ లేదు. ఇప్పుడు పానాల సంచితో పాటు బిల్లు పుస్తకమూ మోయాల్సిందే. బరువేమీ కాదు. రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చుని రాసుకుంటే సరిపోతుంది.