పందికొక్కు, బాండికూట్: ఒక తెలుగు మాట, రెండు జంతు వంశములు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాసపురము 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. రైల్వే కొలువుల నిమిత్తము వలసపోయి స్థిరపడిన తెలుగువారు ఆ పట్టణమునందును, దాని చేరువనున్న బోద్రీ వంటి ఊళ్లయందును కలరు. గోదాముల క్రింద బొరియలు త్రవ్వి ధాన్యపు బస్తాలను కొరికెడి పెద్ద యెలుకను తెలుగువారు పందికొక్కు అందురు. చుట్టునున్నవారి హిందీలో దాని పేరు ఘూస్. లంచమునకును ఆ భాషలో అదే మాట యగుట చమత్కారము.

ఇంగ్లీషువారు గ్రహించినది హిందీ పేరు కాదు, తెలుగు పేరు. 'బాండికూట్' అనునది 'పందికొక్కు' యొక్క వికృతి యని యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెప్పుచున్నది. సోదర భాషల సాక్ష్యమును ఇందుకు అనుకూలమే. ఈ యెలుకను తమిళులు పెరుచ్చాళి యనియు, కన్నడిగులు హెగ్గణ యనియు వ్యవహరింతురు. మలయాళ పదము తమిళ పదమునకు జ్ఞాతి. వీనిలో దేనియందును పంది ప్రసక్తి లేదు.

ఈ మాట సముద్రము దాటిన కథ విచిత్రమైనది. 1788లో సిడ్నీ ప్రాంతమున వలసరాజ్యము నెలకొల్పిన ఇంగ్లీషువారికి, పొడవైన ముట్టెతో నేలను త్రవ్వి పురుగులను ఏరుకొని తినెడి యొక చిన్న జంతువు కనబడినది. హిందూదేశపు యెలుక జ్ఞప్తికి రాగా దానికిని ఆ పేరే పెట్టిరి. శాస్త్రజ్ఞులు మాత్రము ఈ క్రొత్త జంతువునకు పెరామెలిస్ అను లాటిన్ నామమునిచ్చిరి. అందు 'పెరా' యనగా సంచి. బాండికోటా యను ప్రజాతి నామమును 1873లో గ్రే పండితుడు మన దేశపు యెలుకలకే కేటాయించెను. శాస్త్రమున తెలుగు మాట తన యజమానిని చేరినది గాని, వ్యవహారమున రెంటికిని ఒకే పేరు నిలిచిపోయినది. ఆస్ట్రేలియాలో నశించిపోయిన యొక జాతిని ఇంగ్లీషున 'పందికాళ్ల బాండికూట్' అందురు. తెలుగున విడదీసినచో అది పందికాళ్ల పందికొక్కు!

పేరు ఒకటియైనను జీవులు రెండు దూర వంశములవి. పందికొక్కు మూషిక వర్గమునకు చెందిన జరాయుజ క్షీరదము. బాండికూట్ శిశుకోశ క్షీరదము. ఈ రెండు మహాశాఖలు సుమారు 16 కోట్ల యేండ్ల క్రిందటనే వేరుపడినవని అంచనా. కావున పందికొక్కు ఆస్ట్రేలియా బాండికూట్‌కంటె పందికే దగ్గర చుట్టము.

బాండికూట్ గర్భావధి పండ్రెండున్నర దినములు మాత్రమే. క్షీరదములలో ఇది మిక్కిలి స్వల్పమైన వానిలో ఒకటి. గింజంత పిల్ల తల్లి కడుపు క్రిందనున్న సంచిలోనికి ప్రాకి చనుమొనను పట్టుకొనును. సంచి నోరు వెనుకకు తెరచుకొనును గనుక తల్లి నేలను త్రవ్వునపుడు మన్ను లోనికి పోదు. శిశుకోశ జీవులకు జరాయువే లేదని పాఠ్యపుస్తకములలో తరచుగా కనబడు మాట సరికాదు. వానిలో అధిక భాగమునకు పచ్చసొన సంచి నుండి యేర్పడిన జరాయువు గలదు. బాండికూట్‌కు దానితోబాటు జరాయుజములకున్నటువంటి రెండవ జరాయువును కలదని 1890 దశకమున జె. పి. హిల్ నిరూపించెను. ఇది చుట్టరికము వలన వచ్చినది కాదు. రెండు వంశములలోను వేర్వేరుగా పుట్టిన పోలిక.

క్రోమోజోములందును భేదము స్పష్టము. పెరామెలిస్ కణములలో క్రోమోజోములు 14. బెంగాల్ పందికొక్కు కణములలో 42. బాండికూట్‌లలో మరియొక వింతను హేమన్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిరి. ఆడదాని దేహకణములు పెక్కింటిలో రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటియు, మగదానిలో వై క్రోమోజోమును లోపించును. బీజకణ పరంపరలో మాత్రము అవి నిలిచియుండును. ఇతర శిశుకోశ జీవులలో తండ్రి వలన వచ్చిన ఎక్స్ మూగవోవును; ఇచ్చట క్రోమోజోమే తొలగిపోవుచున్నది.

శిశుకోశ జీవులలో బాండికూట్ స్థానమును గూర్చి వాదము చిరకాలము సాగినది. దాని దంతములు మాంసాహారులగు దస్యూరులను పోలును. వెనుక కాలి రెండవ, మూడవ వ్రేళ్లు కంగారుకు వలె కలిసియుండును. భాషాశాస్త్రజ్ఞులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. రెండు భాషలలో సమానరూపము కనబడినంత మాత్రమున అది మూలభాష నుండి సంక్రమించినదని చెప్పరాదు. ఆదానము కావచ్చును, యాదృచ్ఛికము కావచ్చును. ఉపశాఖలను నిర్ణయించునది ఉమ్మడి నూతన పరిణామమే. జన్యుశాస్త్రమున అట్టి సాక్ష్యము నిచ్చునవి ఎగిరెడి జన్యుఖండములు. ఒక ఖండము రెండు వంశములలో సరిగా ఒకే చోట వేర్వేరుగా వచ్చి చేరుట చాల అరుదు. 2010లో ప్రకటితమైన అట్టి పరిశీలన బాండికూట్‌లకు కంగారులతోగాక దస్యూరుల శాఖతో సామీప్యమును సూచించినది. కావున కాలివ్రేళ్ల పోలిక నమ్మదగిన ఆధారము కాదు.

శిశుకోశ జీవులు దక్షిణ అమెరికా నుండి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరినవి. అంటార్కిటికాలోని సేమూర్ ద్వీపమున 1982లో దొరికిన శిలాజము ఈ మార్గమునకు సాక్షి. ఆ ప్రాచీన భూఖండమునకు శాస్త్రజ్ఞులిచ్చిన గోండ్వానా యను పేరు ఛత్తీస్‌గఢ్ పరిసరములందలి గోండుల నుండియే వచ్చినది. కాని ఆ ప్రయాణమునకు ఎంతో ముందే భారతభూమి అంటార్కిటికా నుండి విడివడినది. తెలంగాణములోని నస్కల్ వద్ద లభించిన క్రిటేషియస్ యుగపు దంతములను ప్రసాద్, సాహ్ని 1988లో వర్ణించిరి. వారు డెక్కనోలెస్టిస్ అని పిలిచిన ఆ జీవి జరాయుజముల పక్షమునకు చెందినది.

అనువాదకులు ఆస్ట్రేలియా జంతువును పందికొక్కు అని వ్రాయుట ఈ కారణముల చేత తగదు. శబ్దమూలము సరియైనను అర్థము తప్పును. దానిని బాండికూట్ అనియే వ్రాసి, నిఘంటువులలో శిశుకోశ క్షీరదమని అర్థమిచ్చి, ప్రక్కన 'తెలుగు పందికొక్కు నుండి ఇంగ్లీషు ద్వారా పునరాదానము' అని సూచించుట మేలు.