ఆధ్యాత్మికత, మతాచరణ: శిలలు చెప్పే సంగతి

'నాకు ఆధ్యాత్మిక చింతన ఉంది గాని మతం మీద నమ్మకం లేదు' అనే మాట ఇటీవల విద్యావంతుల నోట తరచుగా వినిపిస్తున్నది. బౌద్ధం పట్ల ఆసక్తి చూపేవారిలో ఇది మరీ ఎక్కువ. వారి దృష్టిలో ధ్యానం, కరుణ, ఆత్మపరిశీలన ఆధ్యాత్మికం. స్తూపానికి ప్రదక్షిణ చేయడం, పూలు ఉంచడం, ధాతువును పూజించడం మతం. మొదటిది బుద్ధుని అసలు బోధ అనీ, రెండవది తరువాతివారు కలిపిన కల్తీ అనీ వారు భావిస్తారు. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో సుత్తాల వెలుగులోనూ, ఆంధ్రదేశపు శాసనాల వెలుగులోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి చూద్దాం. 'మతం' అనే పదానికి మూలం తలచడం అనే అర్థం గల ధాతువు. 'అభిమతం', 'సమ్మతం' వంటి పదాలలో ఆ పాత అర్థం నేటికీ బతికే ఉంది. అంటే మతం మొదట ఒక అభిప్రాయం. ఆలయం, పురోహితుడు, కర్మకాండ అన్న భావం తరువాత చేరింది. 'ఆధ్యాత్మికం' అంటే ఆత్మకు సంబంధించినది. అనాత్మను బోధించిన ధర్మానికి ఈ మాటను అన్వయించడంలో కొంత చిక్కు ఉంది. పాలిలో దీనికి సమానమైన 'అజ్ఝత్త' అనే పదం ఉన్నది గాని, దానికి 'లోపలిది' అని మాత్రమే అర్థం. సతిపట్ఠాన సుత్తంలో అది ఒంటరిగా నిలవదు. 'బహిద్ధా', అంటే 'వెలుపలిది', దాని వెంటనే వస్తుంది. సాధకుడు లోపలా చూడాలి, వెలుపలా చూడాలి, రెండింటినీ కలిపీ చూడాలి.

కర్మకాండ విషయంలో సుత్తాల వైఖరి నిశితమైనది. స్రోతాపన్నుడు తెంచుకునే మూడు బంధాలలో ఒకటి 'సీలబ్బత పరామాస'. శీలాలను, వ్రతాలను పట్టుకుని వేలాడడమే ముక్తి అనుకోవడం ఆ బంధం. ఇక్కడ తెగిపోయేది వ్రతం కాదు, వేలాడడం. మహాపరినిబ్బాన సుత్తంలోనూ ఇదే సమతూకం కనిపిస్తుంది. ధర్మాన్ని ఆచరించడమే తథాగతునికి పరమ పూజ అని అక్కడ చెప్పబడింది. నాలుగు రహదారుల కూడలిలో స్తూపం నిర్మించాలనీ, అక్కడ పూలమాల ఉంచి మనసును ప్రసన్నం చేసుకున్నవారికి చిరకాలం మేలు కలుగుతుందనీ ఆ సుత్తమే చెబుతుంది. పూజ ఫలమంతా ఆ 'ప్రసన్నత' దగ్గరే ఉన్నది.

గ్రంథంలోని ఈ సమతూకాన్ని ఒక చక్రవర్తి తన జీవితంలో చూపాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో తొమ్మిదవది జబ్బు చేసినప్పుడు, పెళ్లిళ్లప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు, ప్రయాణాలప్పుడు జనం చేసే మంగళకార్యాలను ప్రస్తావిస్తుంది. వాటిని చేయవద్దని అశోకుడు అనలేదు. వాటి ఫలం స్వల్పమన్నాడు. దాసులను, సేవకులను ఆదరించడం, గురువులను గౌరవించడం, ప్రాణులపట్ల సంయమనం, శ్రమణ బ్రాహ్మణులకు దానం చేయడం, ఇవే గొప్ప ఫలమిచ్చే 'ధమ్మమంగళం' అన్నాడు. అదే అశోకుడు పట్టాభిషేకమైన 20 ఏళ్లకు లుంబినికి స్వయంగా వెళ్లి పూజ చేసి, అక్కడ రాతిస్తంభం నిలిపి, ఆ గ్రామానికి పన్ను తగ్గించాడు. కర్మకాండను తూచి చెప్పిన వ్యక్తే యాత్రికుడు కూడా. ఆయన దృష్టిలో ఈ రెండింటికీ విరోధం లేదు.

ఇక నాగార్జునకొండ. క్రీ.శ. 3వ శతాబ్దంలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు, మహాసేనుని భక్తుడు. ఆయన సోదరి చాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి ప్రధాన దాత. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో వేయించిన ఆయక స్తంభ శాసనాలలో ఆమె తన సంకల్పాన్ని స్పష్టంగా చెప్పింది: పుట్టింటి, మెట్టినింటి వంశాలలో గతించినవారికీ, ఉన్నవారికీ, పుట్టబోయేవారికీ ఉభయ లోకాలలో హితసుఖాలు; తనకు నిర్వాణ సంపద; సర్వలోకానికీ సుఖం. స్తంభం నిలపడం మతాచరణే. నిర్వాణాన్ని కోరడం ఆధ్యాత్మికత కాకపోతే మరేమిటి? ఈ రెండూ ఒకే శాసనంలో, ఒకే వాక్యంలో ఉన్నాయి. వాటిని విడదీసే గీత మనం గీసినదే.

పూజలూ దానాలూ గృహస్థులకు, ధ్యానం భిక్షువులకు అనే మరో గీత కూడా ప్రచారంలో ఉంది. అమరావతి శాసనాలు దీనికి ఒప్పుకోవు. అక్కడ శిలాఫలకాలను దానమిచ్చినవారిలో భిక్షువులు, భిక్షుణులు కూడా ఉన్నారు. సంసారాన్ని విడిచినవారే స్తూపానికి రాయి సమర్పించి, దానిపై తమ పేరు చెక్కించుకున్నారు.

ఆ దాతలలోనే విధికుడనే చర్మకారుడున్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడైన అతడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో, బంధువులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని సమర్పించాడు. అతడు ధ్యానం చేశాడో లేదో శిల చెప్పదు. అతని మనసులోని ఆలోచనలను ఏ గ్రంథమూ భద్రపరచలేదు. అతని అంతరంగం గురించి మనకు మిగిలిన సాక్ష్యం ఆ పూర్ణఘటం ఒక్కటే.

అసలు సమస్య ఇక్కడే ఉంది. అంతరంగ సాధనను గురించి రాసి దాచిపెట్టుకోగలిగినది చదువూ తీరికా ఉన్న కొద్దిమంది మాత్రమే. చర్మకారులు, చేతివృత్తులవారు, స్త్రీలు అత్యధికంగా విడిచి వెళ్లినది దానాన్ని, దీపాన్ని, ప్రదక్షిణలో అరిగిన రాతిని. వీటిని 'వట్టి మతం' అని పక్కన పెడితే ఆధ్యాత్మికత అనేది చదువుకున్నవారి సొత్తుగా మాత్రమే మిగులుతుంది. చరిత్రలో ఒకసారి గొంతు దక్కనివారికి అది రెండవసారి అన్యాయం చేయడమే.

అలాగని రెండింటికీ తేడాయే లేదనడం సరికాదు. తేడా ఉంది; అయితే అది ధ్యానానికీ పూజకూ మధ్య ఉన్నది కాదు. అశోకుని 12వ శిలాశాసనం దాన్ని సూచిస్తుంది. తన శాఖను పొగుడుకుని పరుల శాఖను తెగడేవాడు తన శాఖకే కీడు చేస్తాడనీ, అన్ని శాఖలలోనూ 'సారం' వృద్ధి చెందాలనీ, అందుకు మూలం వాక్సంయమమనీ అందులో ఉంది. శాఖ అనే అర్థంలో అక్కడ వాడిన మాట 'పాసండ'. ఆనాడు అందులో నింద లేదు. తరువాత అదే 'పాషండం'గా మారి తిట్టుపదమైంది. సారం మరుగున పడి గుర్తింపు మాత్రమే మిగిలితే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క పదం చరిత్ర చాలు.

ఆధునిక కాలంలో డా. బి.ఆర్. అంబేద్కర్ ఈ ప్రశ్నను మరో వైపు నుంచి చూశారు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో మతానికీ ధమ్మానికీ భేదం చెబుతూ, మతం వ్యక్తిగతమని అంటారనీ, ధమ్మం మాత్రం సామాజికమనీ వివరించారు. ఒంటరి మనిషికి ధమ్మంతో పనిలేదు. ఇద్దరు మనుషులున్నచోట అది తప్పదు. నేడు వినిపించే 'నా ఆధ్యాత్మికత నా సొంతం' అనే ధోరణికి ఇది సూటి సమాధానం. లోపలి శాంతి ఇరుగుపొరుగును తాకకపోతే దానిని ధమ్మం అనలేము.

కాబట్టి ఒక ఆచరణ ఆధ్యాత్మికమా, మతపరమా అని తేల్చడానికి దాని బయటి రూపం కొలబద్ద కాదు. అది మనసుకు ప్రసన్నతనిచ్చిందా? పట్టును సడలించిందా, బిగించిందా? దాని ఫలంలో ఇతరులకు వాటా ఉన్నదా? ఈ ప్రశ్నలు ప్రదక్షిణ చేసేవారికెంత వర్తిస్తాయో, కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చున్నవారికీ అంతే వర్తిస్తాయి. తన ఫలంలో సర్వలోకానికీ వాటా పంచిన చాంతిశ్రీ మూడవ ప్రశ్నకు తన జవాబును రాతిపై చెక్కించింది.