చీనదేశపు స్వర్ణలిప్త బుద్ధప్రతిమలు

జీవనార్థమై యుంచఁబడి, యమ్మకమునకుఁ గాని ప్రతిమల పేళ్లయందు కన్ ప్రత్యయమునకుఁ బాణిని లుప్పును విధించెను. ఆ సూత్రముకడఁ బతంజలి, మౌర్యులు బంగారముఁ గోరి ప్రతిమలఁ గల్పించిరని చెప్పెను. అది బంగారమునకై ప్రతిమ. ప్రతిమకై బంగారమనుటకుఁ జీనదేశ ముదాహరణము.

మహాపురుషుని ముప్పదిరెండు లక్షణములలో సువర్ణవర్ణత యొకటి. కావునఁ గంచు బుద్ధునిపైఁ బూసిన పసిఁడి యలంకారము గాదు, లక్షణమే. దానిని కేవలము మెఱుఁగని తలఁచువారు ప్రతిమను సగమే చూచినవారు.

పూఁత విధానమిది. బంగారమును బాదరసమునఁ గలిపి వెన్నవంటి ముద్దఁ జేసి, శుభ్రపఱచిన కంచుపై రుద్ది కాఁచుదురు. పాదరస మావిరియై పోవును. బంగార మంటి నిలుచును. పిదప రుద్ది మెఱుఁగు పెట్టుదురు. ఆ యావిరి విషము. దానిని బీల్చినది పనివారు. పీఠములపై సామాన్యముగాఁ గానవచ్చునవి దాతల పేళ్లు.

కాలము లిఖింపఁబడి నేఁటికిఁ దెలిసిన చీన బుద్ధప్రతిమలలో మొదటిది క్రీ. శ. 338 నాఁటిది. అది సాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆసియాకళాప్రదర్శనశాలయం దున్నది. ధ్యానముద్రయే, కాని యరచేతులు పైకిఁ దెఱచియుండక కడుపునకుఁ జేర్పఁబడినవి. వ్యాకరణము లేక నిఘంటువుతోనే పరభాషను నేర్చినట్లున్నది! 486 నాఁటి మైత్రేయునియం దీ తడఁబాటు లేదు. 140.3 సెంటిమీటరుల యెత్తున, చేతులు చాఁచి, మేనికంటిన వస్త్రపు ముడుతలతో నతఁడు న్యూయార్కునందలి మెట్రొపాలిటన్ ప్రదర్శనశాలలో నిలిచియున్నాఁడు. నూటనలువదియెనిమిదేండ్లలో శిల్పి యా భాషలోనే తలఁప నేర్చెను.

ధాన్యకటకమున నభిధర్మమును జదివిన హ్యూన్‌త్సాంగు 645 లో స్వదేశమునకుఁ దిరిగి చేరినపుడు, బంగారుతోను వెండితోను జందనముతోను జేసిన ప్రతిమలను గొనిపోయెను. సరిగా రెండువందల యేండ్లకు, 845 లో, ఆ తాంగువంశపు చక్రవర్తియే యైన వూత్సుంగు విహారములఁ గూల్పించి కంచుబొమ్మలను నాణెములకై కరఁగింపించెను. 955 లో ఉత్తరకాలపు చౌ రాజగు షిత్సుంగును నాణెములకుఁ గంచు చాలక యట్లే చేసెను. ప్రాణుల మేలునకై కన్నులనైన నీయఁగల బుద్ధుఁడు కంచుబొమ్మల నేల యీయఁడని యతని వాదము. బౌద్ధుల దానకథలే బౌద్ధప్రతిమలమీఁదఁ బ్రయోగింపఁబడినవి. వాదము చమత్కారమే, కాని దాత యనుమతి లేక చేసినది దానమగునా?

పెద్దబొమ్మల కంచుబరువే వానికి శత్రువయ్యెను. నేఁడు మిగిలినవానిలోఁ బెక్కులు చిన్నవి, లేదా మట్టిలో దాఁగినవి.

బాపట్ల ప్రాంతమునందలి బుద్దాముకడఁ గంచుబుద్ధులను మన నేలయు నట్లే దాఁచెను. 6-8 శతాబ్దుల నాఁటి యా ప్రతిమలు 1870 ప్రాంతమున బయల్పడినవి; వానిలోఁ గొన్ని 1905 లో లండనునందలి బ్రిటిషు మ్యూజియముఁ జేరినవి.